వరుస తప్పిన స్క్రిప్టు

నిర్మల చేతిసంచి భుజాన ఉండగానే కంప్యూటరు ముందు కూర్చుని చేపల చెరువు పేజీ మళ్ళీ తెరిచింది. ఆమె తెర మీద ఆక్సిజన్ అంకె బాగానే కదులుతోంది. కొల్లేరులో చెరువు గట్టున ఉన్న తండ్రి ఫోనులో మాత్రం తెల్లారినప్పటి నుంచి ఖాళీ గడే కనిపిస్తోంది.

ఏలూరు పవర్‌పేటలో మందుల షాపు పైగదే ఆమె పనిచేసే వెబ్‌సైట్ల ఆఫీసు. డిగ్రీ అవగానే అందులో చేరింది. తోటివాళ్ళు హైదరాబాదు వెళ్ళిపోయారు. తల్లి పోయాక తండ్రి బాలస్వామిని ఒంటరిగా వదల్లేక ఈమె ఉండిపోయింది. తెరకేసి చూసి చూసి మెడ ముందుకు వంగిపోయింది. మౌసు పట్టీ పట్టీ నొప్పెట్టే కుడి మణికట్టుకు ఎప్పుడూ గుడ్డ కట్టే ఉంటుంది. ఆమె చేసిన పేజీల్లో తండ్రికి తెలిసింది ఇదొక్కటే. ఆయన కాపలా కాసే చెరువు నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో చూపించే పేజీ.

బయట ముసురు పట్టింది. ఇలాంటప్పుడే నీళ్ళలో గాలి తగ్గి చేప పైకి తేలుతుంది. నీళ్ళు చిలికి గాలి కలిపే కరెంటు ఫ్యాన్లు వేయాలి. ఫోను మోగింది.

"అమ్మాయ్, ఫ్యాన్లు వేశాను. ఒకటి తిరగట్లేదు. గుర్రపుడెక్క చుట్టుకుందేమో."

"నువ్వు దిగొద్దు నాన్నా. కరెంటాయన్ని పిలు."

"ఆయనొచ్చేసరికి చేప చచ్చిపోద్దమ్మా. నంబరు తెలిస్తే ఆగుదును."

"కాసేపాగు. చూపిస్తాను."

ఆఫీసు యజమాని నిరంజన్ వెనక నిలబడ్డాడు. "నిర్మల గారూ, ముందు ఫంక్షన్ హాలు పేజీ చూడండి. చేపలది మధ్యాహ్నం చేసుకోవచ్చు కదండీ."

"కుదరదండి!" అంది. ఆ గదిలో ఆమె గొంతు ఎన్నడూ అంత పైకి లేవలేదు.

తన దగ్గర నెట్ వేగం తగ్గించి చూసింది. అంకె మాయమైంది. అప్పుడు అర్థమైంది. పేజీ త్వరగా తెరుచుకోవాలని దాన్ని నడిపే రెండు స్క్రిప్టు ఫైళ్ళను కోడుతోనే చేర్చేలా నిన్న తనే మార్చింది. ఒకటి చెరువులోని మీటరు నుంచి అంకె తెస్తుంది, రెండోది దాన్ని తెర మీద చూపిస్తుంది. అలా చేర్చినవి రాసిన వరుసలో నడవవు. నెట్ నుంచి ఏది ముందు దిగితే అదే ముందు నడుస్తుంది. సిగ్నలు సరిగా అందని గట్టు మీద చిన్నదైన రెండోది ముందు దిగి, చూపించడానికేమీ లేక ఆగిపోతోంది.

రెండింటికీ, వరుస చూడకుండా నడవమనే 'అసింక్' ఎదుట, వద్దని 'ఫాల్స్' రాసింది. ఇక వరుస తప్పవు. పేజీ మళ్ళీ తెరిచింది. ఆక్సిజన్ నాలుగున్నర. చేపకు చాలు. దిగక్కర్లేదు.

ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఈసారి ఎవరో ఎత్తారు.

"నేను పక్క చెరువు సోమరాజునండి. నాన్నగారు ఫ్యాను దగ్గరికి దిగారండి... కరెంటు వైరు తెగి నీళ్ళలో పడి ఉందండి. మీరు బయల్దేరండమ్మా."

ఆటోలో వెళ్ళేసరికి ఆయన్ని గట్టు మీద పడుకోబెట్టి, మొహం మీద తువ్వాలు కప్పారు. గుప్పిట్లో గుర్రపుడెక్క వేర్లు అలాగే ఉన్నాయి. నిర్మల బురదలో కూలబడి ఆయన చెవి దగ్గరికి వంగింది.

"నాలుగున్నర ఉంది నాన్నా," అంది.

చెరువులో ఒక్క చేపా తేలలేదు. పొద్దున్నే ఆయన చిల్లులు పెట్టి వెదురు గడకు కట్టిన మేత సంచి సగం ఖాళీ అయి, చేపలు పొడిచినప్పుడల్లా నీళ్ళలో అటూ ఇటూ కదులుతోంది.