కోయకూడని గడ్డి

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. ముప్పై ఏళ్ళు సీసాల ఫ్యాక్టరీలో ఊడ్చాను. ఎవరు ఏ రోజు ఏ రంగు చొక్కా వేసుకొచ్చారో ఇప్పటికీ చెప్పగలను. అలాంటి నేను మూడు రోజులు నోరు మూసుకున్నాను. ఆ మూడు రోజుల సంగతే ఇది.

మా మనవరాలు, అంటే నా కూతురి కూతురు, అదే ఫ్యాక్టరీలో ఆఫీసరుగా చేరింది. చుట్టూ ఉన్న నేలా నీళ్ళూ, పురుగూ పిట్టా చూసుకోవడం దాని ఉద్యోగం. దాని గదిలో గోడకు ఓ పెద్ద కాగితం వేలాడుతుంటుంది. పదేళ్ళలో ఏమేం చేస్తామని కంపెనీ మాటిచ్చిందో అదంతా అందులో ఉంది. వాడిన నీళ్ళను శుభ్రం చేసి మళ్ళీ వాడాలి, పొగ తగ్గించాలి, ఇంకా ఏవేవో. అన్నిటికీ అడుగున ఒక వరుస. వెనక గోడ దగ్గరికి పూరేడు పిట్టలు తిరిగి రావాలి.

"కాగితం మీద రాస్తే పిట్టలొస్తాయటే?" అన్నాను, అది నాకు చదివి వినిపించినప్పుడు.

"రావు అమ్మమ్మా. అందుకేగా నిన్ను పెట్టించింది."

నా పనల్లా పని చేయకపోవడమే. వెనక గోడకూ నీటిగుంటకూ మధ్య రెండొందల అడుగుల పొడవునా గడ్డి. గింజ రాలేదాకా దాన్ని కోయకూడదు, కోయనివ్వకూడదు. రోజూ పొద్దున్నే వెళ్ళి కూర్చుని, పూరేడు కూత వినబడితే పుస్తకంలో ఒక గీత పెట్టాలి. మూడేళ్ళు పుస్తకం ఖాళీ. నాలుగో ఏడు ఒక గీత పడింది. దాన్ని చూసి మా పిల్ల కళ్ళు తుడుచుకుంది. ఓ గీతకు ఇంత ఏడుపా అని నేను నవ్వాను.

గడ్డి కోసే మిషను నడిపేది మీసాలాయన. పేరుకు తగ్గట్టే మీసం, మీసానికి తగ్గ నోరు. "అక్కా, ఆ జుట్టుకు ఒక్కసారి నా మిషను తగిలించనీ, పెళ్ళికొడుకులా చేస్తాను," అనేవాడు. క్యాంటీన్‌లో పదిమంది ముందూ అన్నాడు, "ఏదో ఒకరోజు కోసి పారేస్తా చూడండి," అని. అందరం నవ్వాం.

ఇంతలో సోమవారం తనిఖీవాళ్ళు వస్తున్నారని తెలిసింది. కాగితం మీది మాట నేలమీద జరిగిందో లేదో చూస్తారట. నాకు మనసు నిలవలేదు. నలుగురూ వస్తుంటే ఇల్లు ఊడవని ఆడది ఉంటుందా? మోకాలెత్తు గడ్డి, ఎండిన కాడలు, అందులో గాలికొచ్చి చిక్కిన ప్లాస్టిక్ సంచులు. ఇది చూసి మా పిల్లను ఏమనుకుంటారు? కోయకూడదని తెలుసు. ఒక్కసారికి ఏం పోతుందిలే, మళ్ళీ మొలవదా అనుకున్నాను. ఆదివారం మిషన్లు లేని వేళ కొడవలి పట్టుకుని వెళ్ళాను. ఎండ నెత్తికెక్కేసరికి నేల అద్దంలా చేశాను. నడుం నొప్పి కూడా తెలియలేదు, అంత సంబరం.

చివరి కుప్ప ఎత్తుతుంటే గుడ్లు కనిపించాయి. ఆరు. నా బొటనవేలంత ఉన్నాయి, పైన మట్టిరంగు మచ్చలు. రెండు నా కొడవలికే పగిలాయి. ఆ పిట్ట నేలమీదే గుడ్లు పెడుతుందని నాకెవరూ చెప్పలేదు. చెప్పలేదని అనుకుంటే మాత్రం నా మనసు ఊరుకుంటుందా? మిగిలిన నాలుగూ డబ్బాలో దూదేసి పెట్టుకుని ఇంటికొచ్చాను. కిటికీ పక్క ఎండలో ఉంచాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

సోమవారం ఫ్యాక్టరీ మేనేజరు, మా పెద్దసారు, ఆ నేల చూసి, "ఇప్పుడు బాగుందమ్మా, శుభ్రంగా!" అన్నారు. మా మనవరాలి మొహంలో రక్తం లేదు. తనిఖీవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని పుస్తకం మూసేశారు.

ఎవరు కోశారు? ఎవరినడిగినా ఒకటే మాట, మీసాలాయన. తానే చెప్పుకున్నాడు కదా. గురువారం పనిలోంచి తీసేస్తూ కాగితం ఇస్తారన్నారు.

బుధవారం మధ్యాహ్నం ఆయన నా దగ్గరికొచ్చాడు. మీసం వాలిపోయింది.

"అక్కా, నువ్వు రోజూ అక్కడే ఉంటావు. నేను కాదని నువ్వైనా చెప్పు. నామాట ఎవరూ నమ్మట్లేదు."

"చెప్తాలే తమ్ముడూ," అన్నాను. నన్ను అనుమానించనైనా లేదు. తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రం అన్నం దగ్గర మా పిల్ల తల ఎత్తకుండా అంది, "మిషను కోస్తే మోళ్ళు సమంగా ఉంటాయి. అక్కడ వాలుగా ఉన్నాయి." గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను చేతులు దాచుకున్నాను.

గురువారం పొద్దున డబ్బా, కొడవలి పట్టుకుని పెద్దసారు గదిలోకి వెళ్ళాను. మా మనవరాలూ, మీసాలాయనా అక్కడే నిలబడి ఉన్నారు. డబ్బా మూత తీసి బల్లమీద పెట్టాను.

"కోసింది నేను బాబూ. ఈ తమ్ముడు కాదు."

మా పిల్ల ఒక అడుగు ముందుకొచ్చింది. "నాకు సోమవారమే తెలుసు సార్. మోళ్ళు చూడగానే. కోసింది మా అమ్మమ్మే అని చెప్పలేకపోయాను."

మీసాలాయన ఇద్దరినీ చూశాడు. "మూడు రోజులు నా పెళ్ళాం అన్నం తినలేదక్కా," అన్నాడు. అంతే అన్నాడు, బయటికెళ్ళిపోయాడు.

ఆయన పని నిలబడింది. మా పిల్లకు మందలింపు కాగితం వచ్చింది. తప్పు తనదీ ఉందని, ఆ వారమే అందరినీ, ఊడ్చేవాళ్ళనూ కాపలావాళ్ళనూ, గడ్డి దగ్గరికి తీసుకెళ్ళింది. పిట్ట ఎక్కడ పొదుగుతుందో, ఎన్నాళ్ళు పొదుగుతుందో నేలమీద కూర్చుని చూపించింది. చదువురాని నాలాంటివాళ్ళ కోసం బోర్డు మీద అక్షరాలు కాదు, గుడ్ల బొమ్మ వేయించింది. ఆ పని నాలుగేళ్ళ కిందటే చేయాల్సిందని అదే అంది.

డబ్బాలో గుడ్లు పిల్లలు కాలేదు. గుంట పక్కన పూడ్చాను.

గడ్డి మళ్ళీ మోకాలెత్తు పెరిగింది. రోజూ వెళ్ళి కూర్చుంటాను. మీసాలాయన మిషనుతో అటు వచ్చినప్పుడు, పది అడుగుల ముందే ఆపి, ఇంజను కట్టేస్తాడు. నాకు కూత వినబడాలని. నాతో మాత్రం మాట్లాడడు. ఇద్దరం చెవులు రిక్కించి కాసేపు అలా ఉంటాం.

ఇంకా గీత పడలేదు.