నీల్దా జుట్టు

కల్చాకీ లోయలో టూరిస్టులను తిప్పే వ్యాన్ నాది. మూడు చర్చిలు, రెండు మ్యూజియంలు, ఆఖర్న వైన్ రుచి చూపించే ద్రాక్షతోట. ఆ ఆఖరిదాని కోసమే మిగతా ఐదింటినీ ఓపిగ్గా భరిస్తారని నాకు తెలుసు. ఆ రోజు ముందు సీట్లో ఒలింపియా పెద్దమ్మ కూర్చుంది. వరసకి పెద్దమ్మ కాబట్టి టికెట్టు లేదు, దారి పొడవునా నాకు తిట్లు మాత్రం ఉన్నాయి.

మా ఊరి చర్చిలో మరియమాత విగ్రహానికి బట్టలు మార్చి జుట్టు దువ్వేది ఈవిడే. విగ్రహానికి పెట్టిన ఆ జుట్టు ఈవిడ కూతురు నీల్దాది. తమ్ముడికి జ్వరం తగ్గితే ఇస్తానని మొక్కుకుని, పదిహేనో ఏట మెడ దాకా కత్తిరించి ఇచ్చేసింది. మరుసటేడు ద్రాక్ష కోతలప్పుడు వాగు పొంగి పిల్లని లాక్కుపోయింది. శవం కూడా దొరకలేదు. ఇక లోకంలో ఆ పిల్లదంటూ మిగిలింది ఆ జుట్టొక్కటే. ఇరవై ఆరేళ్ళు, ఏటా మాత పండగ ముందు రోజు పెద్దమ్మ చర్చి తలుపులేసుకుని దాన్ని దువ్వేది. లోపల్నుంచి కబుర్లు వినిపించేవి. మేం విననట్టే పోయేవాళ్ళం.

రెండేళ్ళ కిందట చర్చి కప్పు కుంగింది. విగ్రహాన్ని పట్నం మ్యూజియంలో అద్దాల బీరువాలో పెట్టారు. అప్పట్నుంచి పెద్దమ్మ సరిగ్గా తిన్నది లేదు. ఒక్కసారి దువ్వి వస్తానురా అని నా ప్రాణం తీసేది. బీరువా తాళాలుండే గ్రసియేలాని నెల రోజులు బతిమాలి, మూడు మేకపాల చీజ్ ముద్దలు ముట్టజెప్పి ఒప్పించాను.

ఆ రోజు మ్యూజియంకి చేరాక టూరిస్టులని పక్క గదిలో పాత ద్రాక్ష గానుగ దగ్గర వదిలి వచ్చాను. విగ్రహం కింద చీటీలో జుట్టు ఇచ్చినవారి పేరు తెలియదని ఉంది.

"తెలియదట. నోరుండీ అడగలేదు," అంది పెద్దమ్మ.

గ్రసియేలా సిగ్గుపడి బీరువా తలుపు తీసింది. జుట్టు బాగా ఎండిపోయిందని, మెల్లిగా దువ్వమని చెప్పింది. పెద్దమ్మ సంచిలోంచి కొమ్ము దువ్వెన తీసి చివర్లలో పెట్టింది. చిట్లిన చప్పుడైంది. రెండు వెంట్రుకలు విరిగి ఆవిడ అరచేతిలో పడ్డాయి.

ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది. వెళ్దామని కేకేస్తున్న టూరిస్టులని కసిరి వచ్చాను. ఆవిడ ఇంకా అలాగే నిలబడి ఉంది.

"దువ్వు పెద్దమ్మా, దీనికోసమేగా ఇంత దూరం వచ్చావు," అన్నాను.

"వద్దురా. దువ్వుకుంటూ పోతే నా చేత్తో నేనే దాన్ని లేకుండా చేసేస్తాను."

నాకు దుఃఖం ఆగలేదు, గోడ వైపు తిరిగాను. ఆవిడ మాత్రం ఏడవలేదు. తనే గ్రసియేలా చెయ్యి పట్టుకుని బీరువా తలుపు దగ్గరికి నడిపించింది.

"తాళం వెయ్యి తల్లీ. రేపు మళ్ళీ వచ్చి నీ కాళ్ళ మీద పడతాను. అప్పుడు కూడా తియ్యకు."