రాయి ఎటు పోతే అటు

బ్రాక్స్‌టన్ ఊళ్లో ఆడవాళ్లు పొద్దున్నే పాలచెంబుతో బయటికి రాగానే ముందు ఆకాశం చూస్తారు, తర్వాత రాయిని చూస్తారు. ఆకాశాన్ని బట్టి బట్టలు ఆరెయ్యాలో వద్దో తేల్చుకుంటారు. రాయిని బట్టి తమ క్యాబేజీ మడి ఇవాళ ఏ ఊరిదో తేల్చుకుంటారు.

అది సరిహద్దు రాయి. మనిషి నడుమంత ఎత్తు, నల్లగా, ఒక భుజం వంగి ఉంటుంది. బ్రాక్స్‌టన్‌కీ హెల్మ్‌లీకీ మధ్య బీడు మీద దాని చోటు. ఎవరూ చూడని వేళ కనిపెట్టి కదులుతుంది. ఎక్కడ ఆగితే అదే సరిహద్దు. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. మోకాళ్ల నొప్పి గురించి ఎంత మాట్లాడుకుంటారో అంతే. మా ముత్తాత కాలంలో ఒకడు ఎడ్లు కట్టి దాన్ని వెనక్కి లాగబోయాడు. ఆ ఎడ్లు చచ్చేదాకా వెనక్కే నడిచాయి. వాడి మునిమనవలు ఇప్పటికీ చర్చిలోకి వీపు ముందు పెట్టుకుని వస్తారు. నమ్మనివాళ్లు ఆదివారం రండి, చూపిస్తాను. ఆ రాయి సంగతి నాకన్నా తెలిసినవాడు లండన్ దాకా వెతికినా దొరకడు. దానికి ఆనుకుని నేను తిన్న బార్లీ రొట్టెలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే మా చర్చి గోపురం సిగ్గుతో తల దించుకుంటుంది.

పద్దెనిమిదివందల ఒకటో సంవత్సరం. గోధుమ కంటికి కనబడని ఏడు. ఆ ఏడు ఊరి పేదల పెత్తందారు సైలస్ గార్‌బట్. ఏటేటా రైతుల్లో ఒకడికి ఆ పని అంటగడతారు. కలిగినవాళ్ల దగ్గర వసూలు చేసి, కూడు లేనివాళ్లకి పెట్టాలి. పెట్టడంలో సైలస్ ఎంత ఘనుడంటే, ఒక్క టర్నిప్‌తో పేదల సత్రం మొత్తానికి పులుసు కాచి, ఆ టర్నిప్‌ని తీసి ఆరబెట్టి మర్నాటికి దాచేవాడు. నేను రుచి చూశాను. దానికన్నా వాన నీళ్లే చిక్కన.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం పాదిరిగారు చర్చిలో లండన్ నుంచి వచ్చిన ఉత్తర్వు చదివారు. మార్చిలో ఫలానా మంగళవారం దేశమంతటా మనుషుల్ని లెక్కపెట్టాలి. ప్రతి ఊళ్లో ఆ పని పేదల పెత్తందారుదే.

"దేనికండీ?" అని వెనక బల్ల నుంచి ఎవరో అడిగారు.

"మనం మొత్తం ఎంతమందిమో తెలుసుకోడానికి."

చర్చి అంతా నవ్వింది. సైలస్ లేచి నిలబడ్డాడు.

"పాదిరిగారూ, మీకు గొర్రెల్లేవు కాబట్టి తెలీదు. గొర్రెల్ని ఊరికే లెక్కపెడతామా? నావేవో పక్కవాడివేవో తేల్చుకోడానికే పెడతాం. ఆ రోజు ఎవడు ఏ ఊళ్లో లెక్కకొస్తాడో, వాడు చచ్చేదాకా ఆ ఊరి తిండే తింటాడు. లెక్కకు రానివాడు ఏ ఊరివాడూ కాడు."

"ఉత్తర్వులో అలా లేదు సైలస్."

"ఉత్తర్వులో పెట్టి మరీ చెప్తారా అండీ?"

ఊరంతా తలూపింది. బీడుకి అవతల హెల్మ్‌లీ చర్చిలో, అదే ఆదివారం, అక్కడి పెత్తందారు ఈనాక్ పికర్స్‌గిల్ కూడా అచ్చం ఇదే మాటన్నాడట. తెలివైనవాళ్లకి ఒకేలా తోస్తుంది.

ఆ మంగళవారం సైలస్ బండి కట్టాడు. మొదట సత్రంలోంచి జేబెజ్ తాతని ఎక్కించాడు. డెబ్భై దాటిన గొర్రెల కాపరి. తర్వాత తన పశువుల కొట్టంలోకి వెళ్లాడు. అక్కడ కెజయా పాలు పితుకుతోంది. ఆమెని పెళ్లాడతానన్నవాణ్ని పెళ్లికి ముందే సైన్యంలోకి పట్టుకుపోయారు. ఆమెకి నెలలు నిండాయి.

"లేచి బండెక్కు."

"ఎక్కడికయ్యా?"

"హెల్మ్‌లీ వైపుకి. ఒక్క పూటే. లెక్క అయిపోగానే వచ్చేయండి."

"పొద్దుట్నించీ నడుములో పోటుగా ఉందయ్యా."

"అందుకే ఎక్కమంటున్నా."

తండ్రి పేరు లేని బిడ్డ ఏ ఊరి నేల మీద పడితే ఆ ఊరే సాకాలి. అది చట్టం. కెజయాకీ తెలుసు. హెల్మ్‌లీలో పడితే ఆ బిడ్డని అక్కడే వదిలి తను తిరిగి రావాలి. తల్లి ఊరు వేరు, బిడ్డ ఊరు వేరు అవుతాయి.

"రా పిల్లా," అన్నాడు జేబెజ్ తాత. "పెత్తందారు మనల్ని బండెక్కించడం నా జన్మలో ఇదే మొదలు. దర్జాగా కూర్చో."

మంచుతో కలిసిన వాన కొడుతోంది. అట్లాంటి వాన మళ్లీ పడలేదు. ఎగిరే కాకి గాల్లోనే గడ్డకట్టి బక్కెట్లో పడితే టంగుమంది. బండి రాయి దగ్గరికి వచ్చేసరికి అటునుంచి ఈనాక్ బండి వస్తోంది. అందులో ఇద్దరు ముసలి అక్కచెల్లెళ్లు.

"ఏం సైలస్, సంతకా?"

"మావాళ్లకి గాలి మార్పు కావాలన్నారు. నువ్వో?"

"మావాళ్లకీ గాలే పడటం లేదు."

"నీ గాలి నీ వైపే పీల్పించుకో."

"మీ నిండు చూలాలికి నువ్వే పురుడు పోసుకో."

చివరికి ఇద్దరూ ఎవరి సరుకు వాళ్లు రాయి పక్కన దింపేశారు. తిరిగి రాకుండా తన వైపు సైలస్ ఒక కుక్కని, తన వైపు ఈనాక్ ఒక కుక్కని కాపలా పెట్టి, ఊళ్లో తలలు లెక్కపెట్టడానికి వెళ్లిపోయారు.

జేబెజ్ తాత కప్పుకున్న గోనె తీసి కెజయా భుజాల మీద వేశాడు.

"మరి నీకు తాతా?"

"నాకెందుకే. నా లోపల ఎప్పట్నించో చలే కాపురం ఉంటోంది. ఇది దాని చుట్టం, చూసిపోదామని వచ్చింది."

మధ్యాహ్నం పెత్తందార్లిద్దరూ చూడ్డానికి వచ్చేసరికి తాత పోయాడు. అక్కచెల్లెళ్లు ఆయన కళ్లు మూసి పెట్టారు. తాత తల హెల్మ్‌లీ వైపు, కాళ్లు బ్రాక్స్‌టన్ వైపు. కెజయా రాయిని రెండు చేతులా వాటేసుకుని, దానికి మొహం ఆనించి మూలుగుతోంది. ఆమె వంక ఎవరూ చూడలేదు.

"లెక్క ప్రాణమున్నవాళ్లది," అన్నాడు సైలస్. "ఇంక వీడు నావాడు కాడు. పూడ్చుకో. తల నీవైపే ఉంది."

"నడిచేవి కాళ్లు. కాళ్లు ఏ ఊరివో మనిషి ఆ ఊరివాడు."

కాసేపు తగువాడుకుని, "రాయి ఎటు పోతే అటు," అని చేతిలో చెయ్యి వేసుకున్నారు. చూస్తుంటే అది కదలదు కనుక ఇద్దరూ వీపు తిప్పి నిలబడ్డారు. అక్కచెల్లెళ్లు ముసుగు దించుకున్నారు. కెజయా కళ్లు ఎప్పుడో మూసుకుంది.

మళ్లీ తిరిగి చూస్తే రాయి లేదు, కెజయా లేదు. మంచులో నాగలి చాలు లాంటి గీత ఒకటి వాలు మీదుగా బ్రాక్స్‌టన్ వైపు దిగిపోతోంది.

రాయి ముసలి ఆవులా నిదానంగా పోయిందట, పట్టుకున్న చేతులు జారకుండా. ఆ గీత సైలస్ గొర్రెల దొడ్డి దాటి, ఓట్స్ చేను దాటి, వంటింటి కిటికీ కిందుగా వెళ్లి, వాకిలి గేటు అవతల చర్చి బాటలో ఆగింది. రాయికి చర్చి వైపున, ఇంకా బ్రాక్స్‌టన్‌గా మిగిలిన బురదలో కెజయా. ఆమె కాళ్ల దగ్గర సైలస్ భార్య డోర్కస్ గౌను చేతులు పైకి మడిచి కూర్చుని ఉంది.

సైలస్ రొప్పుతూ వచ్చి గేటు దగ్గర ఆగాడు.

"దాన్ని ఇటు లాగవే. బిడ్డ ఇటు పడాలి. ఇటంతా ఇప్పుడు హెల్మ్‌లీ."

డోర్కస్ తలెత్తింది. "ఇటంటే మన ఇల్లేగా అండీ?"

సైలస్ వెనక్కి తిరిగి తన ఇల్లు చూసుకున్నాడు.

ఆడపిల్ల. బ్రాక్స్‌టన్ బురదలో పడింది. దాని ఏడుపుకి హెల్మ్‌లీలో పాలు విరిగాయి. అంత దూరంలో నేనూ విన్నాను. బీడంతా హెల్మ్‌లీది కావడంతో అక్కచెల్లెళ్లని ఈనాక్ వెనక్కి తీసుకుపోయాడు, తాతని పూడ్చాడు, కూలి కింద ఆయన జోళ్లు విప్పుకుని. సాయంత్రానికి బాటలో ఉన్న కెజయా, పసిపిల్ల, డోర్కస్ బ్రాక్స్‌టన్ లెక్కకొచ్చారు. సైలస్ రాలేదు. ఇల్లు అవతలుందని ఊరివాళ్లే అన్నారు. ఒక్క మనిషే కదా, కలుపుతానని పాదిరిగారన్నా ఊరు ఒప్పుకోలేదు.

సైలస్ ఈనాక్ దగ్గరికి పరిగెత్తాడు. "నన్ను వేసుకో."

"నీకు అరవై. రేపోమాపో రొట్టెకి చెయ్యి చాపే వయసు. నిన్ను వేసుకుంటే నీ తిండి మా నెత్తినే. ఆ మాట చెప్పింది నువ్వే కదయ్యా."

లండన్ లెక్కలో ఒకడు తక్కువయ్యాడని ఎవరూ ఏడవలేదు.

తర్వాత ఏళ్ల తరబడి రాయి ఆ బాటలోంచి కదల్లేదు. నాచు కూడా పట్టింది. సైలస్‌కి పొలం కౌలిచ్చింది బ్రాక్స్‌టన్ దొర, పొలం ఇప్పుడు హెల్మ్‌లీ దొరది. కొత్త దొర గొర్రెల్ని ఉంచుకుని మనిషిని పొమ్మన్నాడు. డోర్కస్ కాలం చేసింది. సైలస్ కొన్నాళ్లు గడ్డివాముల్లో పడుకున్నాడు.

పదేళ్లకి, మే నెలలో, ఎడతెగని వానలో రెండో లెక్క వచ్చింది. ముందు రోజు మధ్యాహ్నం సైలస్ సత్రం తలుపు దగ్గర నిలబడ్డాడు. అక్కడ వంట ఇప్పుడు కెజయాది. లోపల ఆమె కూతురు గిన్నె నాకుతోంది.

"ఒక్క ముక్క, కెజయా."

"లెక్కలో ఉన్నారా అయ్యా?"

"నీకు తెలీదా?"

"రేపు మళ్లీ లెక్క. మీరు లోపలుంటే చచ్చేదాకా మా ఊరి మీదే." కెజయా కత్తికి అంటిన రొట్టె పొడిని నడుముకి కట్టుకున్న గుడ్డతో తుడిచింది. ఆమె గొంతులో కోపం లేదు. తలుపు వేసి వెళ్లమని చెప్పినట్టే చెప్పింది. "రాయి అవతలికి వెళ్లండి. ఒక్క పూటే. లెక్క అయిపోగానే వచ్చేయండి."

మర్నాడు పొద్దున్నే ఆడవాళ్లు పాలచెంబులతో బయటికొచ్చి ఆకాశం చూశారు, తర్వాత రాయిని చూశారు. దానికి ఆనుకుని సైలస్ బిగుసుకుపోయి పడి ఉన్నాడు, తల అటు, కాళ్లు ఇటు.

రెండు ఊళ్ల పెత్తందార్లూ వచ్చారు. మాటామాటా అనుకున్నారు. చేతిలో చెయ్యి వేసుకుని వీపు తిప్పి నిలబడ్డారు. వానలో చాలాసేపు నిలబడి, తిరిగి చూశారు. రాయి ఉన్నచోటే ఉంది.

మళ్లీ వీపు తిప్పారు.