పన్నెండు గ్రాముల తేడా

ఇంట్లో అందరూ తక్కెడ అని పిలిచే అతను కిటికీ ఊచల మధ్య నుంచి వైరును బయటికి లాగి, బొటనవేలికీ మోచేతికీ మధ్య చుట్టలు చుడుతున్నాడు. ఇంకా సరిగా తెల్లవారలేదు. కరెంటు కారు తెర మీద ఛార్జింగు అరవై ఒక శాతం అని పడింది. రాత్రంతా తాగినా అంతే. అక్క వాళ్ళింటి కరెంటు ఉగ్గుగిన్నెతో పట్టినట్టే ఎక్కుతుంది, గంటకు ఏడు శాతం మించదు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క ఛార్జింగ్ స్టేషను వారం నుంచి పనిచెయ్యడం లేదు.

"లైన్ క్లియర్, బావా!" అని కిటికీలోంచి కేకేశాడు.

"బిళ్ళ పెట్టావా?" ముందుగది కుర్చీలోంచి వినబడింది.

"పెట్టాను."

ఆ ఇంట్లో అదొక చట్టం. బావ ముప్పై ఆరేళ్ళు ఒంటి లైను మీద స్టేషను మాస్టరుగా చేశాడు. ఒకే పట్టాల మీద రెండు రైళ్ళు ఎదురుపడకుండా డ్రైవరు చేతికి ఒక బిళ్ళ ఇచ్చేవాళ్ళు. బిళ్ళ ఎవరి చేతిలో ఉంటే ఆ బండికే దారి. ఊపిరితిత్తులు చెడి ఆక్సిజన్ మిషను ఇంట్లోకొచ్చాక, బావ ఆ చట్టాన్నే ఇంటి వైరింగు మీద పెట్టాడు. పాత ఇల్లు, అంతకంటే పాత వైర్లు. మిషనుకు తోడు కరెంటు ఎక్కువ లాగే వస్తువు ఇంకొక్కదానికే లైన్లో జాగా. గీజరైనా, ఇస్త్రీపెట్టైనా, తక్కెడ కారైనా ఒక్కటే. రెండు కలిస్తే మెయిన్ పడిపోయి మిషను ఆగుతుంది. అందుకని ముందుగది గూట్లో ఒక ఇత్తడి బిళ్ళ ఉంటుంది. అది తీసుకున్నవాళ్ళే స్విచ్చి వెయ్యాలి, ఆపాక మళ్ళీ గూట్లోనే పెట్టాలి.

"రైళ్ళు పోయినా మీ బావకి పిచ్చి పోలేదు," అనేది అక్క. అనడమే గాని, బిళ్ళ చేతిలో లేకుండా ఆవిడ ఏనాడూ గీజరు వేసి ఎరగదు.

తక్కెడ తూనికల శాఖలో తనిఖీ ఉద్యోగి. దుకాణాల్లో కాటాలు సరిగా తూస్తున్నాయో లేదో చూసి ముద్ర వెయ్యడం పని. ఏడాదికోసారి ఈ వైపు మూడు వారాలు పని పడుతుంది, అప్పుడు మకాం అక్క ఇంట్లో. యాభై ఏడేళ్ళు. ఇరవై కిలోల ఇనుప రాళ్ళు మోసి మోసి కుడి భుజం నాలుగు వేళ్ళ మేర కిందికి జారింది. ఆ భుజం చూసే బావ ఆ పేరు పెట్టాడు. పెళ్ళి ఇవాళ, రేపు అంటూనే ఈడు దాటిపోయింది. పద్నాలుగో ఏట అమ్మానాన్నా పోతే, అక్క వెంట బావ రైల్వే క్వార్టర్సులోకి ఒక రేకు పెట్టెతో వచ్చి దిగాడు. చదివించింది బావ, ఉద్యోగానికి దరఖాస్తు నింపింది బావ. ఆ మాట ఒక్కసారన్నా ఆయన ముందు అనాలని తక్కెడకు నలభై ఏళ్ళుగా ఉంది. నోరు తెరవబోతే, "సిగ్నల్ పడింది, ఇక పో," అంటాడు బావ.

ఇవాళ మాత్రం తొందరగా తిరిగి రావాలి. ముప్పై కిలోమీటర్ల అవతల పెద్దాసుపత్రిలో ఊపిరితిత్తుల డాక్టరు ఐదు నుంచి ఆరు దాకా చూస్తాడు. నెల రోజులు కాచుకుంటే దొరికిన వంతు. మూడు రోజులుగా బావ పెదవులు నేరేడుపండు రంగుకు తిరుగుతున్నాయి. కారులో పాతిక శాతం ఉంటే భయం లేకుండా ఆసుపత్రి చేరుకోవచ్చు, అక్కడ ఛార్జింగు ఉంది. తక్కెడ ఆ పాతికను మనసులో పదిసార్లు తూచుకున్నాడు. తర్వాత గూటి ముందు నిలబడి, రోజూ చేసినట్టే గూట్లో ఉంచిన చిన్న ఇత్తడి తూకపు రాళ్ళను చేత్తో తడిమి లెక్కపెట్టి, పెట్టెలో వాటి గుంటల్లో సర్ది బయల్దేరాడు.

మొదటి సంత పాతిక కిలోమీటర్లు. అక్కడ అన్నీ పెద్ద కాటాలే, ఇనుప రాళ్ళతోనే సరిపోయింది. చివరి కొట్టు ఒక ముసలావిడది, ఉల్లిపాయలమ్ముతుంది, చిన్న కాటా. తక్కెడ ఆవిడ కాటా మీద రెండు వందల గ్రాముల రాయి పెట్టాడు. నూట ఎనభై ఎనిమిది చూపించింది. తీసి మళ్ళీ పెట్టాడు. అదే అంకె.

"నా కాటా అబద్ధమాడదు బాబూ," అంది ఆవిడ.

"కాటా మాట కాటాయే చెప్పాలమ్మా," అని 'వాడరాదు' అన్న ఎర్ర కాగితం అంటించి, సీసపు ముద్ర బిగించాడు. ఆవిడ తూచడానికి లేక ఉల్లిపాయల్ని కుప్పలు కుప్పలుగా పెట్టుకోవడం మొదలుపెట్టింది.

తొమ్మిది కిలోమీటర్లు ఇంటివైపు వచ్చి రెండో సంతలో ఆగాడు. అక్కడ పప్పుల దుకాణం కాటా కూడా నూట ఎనభై ఎనిమిదే చూపించింది. రెండు కాటాలు కూడబలుక్కుని ఒకే అబద్ధం ఆడవు. పళ్ళెంలోది చేతిలోకి తీసి వెలుగులో పెట్టి చూశాడు. ముద్ర లేదు, అంకె లేదు. అంచులు అరిగి నున్నగా ఉంది. అది బావ బిళ్ళ.

పొద్దున మసక వెలుతురులో బిళ్ళను పెట్టెలో సర్ది, రాయిని గూట్లో పెట్టి వచ్చాడన్నమాట. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క తప్పు ముద్ర వెయ్యలేదు. అదొక్కటే తను జీవితంలో గొప్పగా చెప్పుకోగలిగింది.

కారు తెర మీద ముప్పై తొమ్మిది. నేరుగా ఇంటికెళ్తే ఇరవై తొమ్మిది మిగులుతుంది. వెనక్కెళ్ళి ముద్ర తీసి వస్తే పదిహేడు. ఇంటికి ఫోను చేశాడు.

"గూట్లో ఉన్నది నీ రాయట, బిళ్ళ కాదట. మీ బావ గీజరు వెయ్యనివ్వలేదు," అంది అక్క. "పొయ్యి మీద నీళ్ళు కాచి ఒళ్ళు తుడిచాను. బాగా రొప్పుతున్నారురా. ఎక్కడా ఆగకుండా వచ్చెయ్."

"అక్కా, బిళ్ళతో తూచి ఒకావిడ కాటాకి ముద్ర వేసేశాను."

అక్క జవాబు చెప్పేలోపు ఫోను చేతులు మారింది. మిషను గురగుర ముందు వినబడింది, తర్వాత బావ.

"ఎవరు... ఆవిడ?"

"ఉల్లిపాయలమ్మే ముసలావిడ బావా. రేపు పోయి తీసేస్తాను. ముందు మీ సంగతి..."

"తప్పు సిగ్నలిచ్చి... ఇంటికొచ్చి పడుకుంటావా? వెనక్కి పో."

"టైము చాలదు బావా."

"లైన్ క్లియర్," అని బావ ఫోను పెట్టేశాడు.

తక్కెడ కారు వెనక్కి తిప్పాడు. వెనక సీటులో ఎనిమిది ఇనుప రాళ్ళు ప్రతి గుంతకూ ఒకదానికొకటి కొట్టుకున్నాయి. ఫ్యాను కట్టేశాడు, రేడియో కట్టేశాడు. చెమట కళ్ళల్లోకి దిగుతున్నా తెర మీంచి చూపు తిప్పలేదు. తనమీద తనకే కోపంగా ఉంది. అంతకంటే భయంగా ఉంది.

ముసలావిడ ముందు మోకాళ్ళ మీద కూచుని సీసపు ముద్ర తెంచాడు. "తప్పు నీ కాటాది కాదమ్మా, నా రాయిది."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. "ఆ మాట చెప్పడానికే వెనక్కొచ్చావా? సరేలే, పో. ఇంట్లో ఎవరికో బాలేనట్టుంది నీ మొహం చూస్తే."

ఇంటికొచ్చేసరికి పావు తక్కువ మూడు. తెర మీద పదిహేడు. బావ కుర్చీలో ముందుకు వంగి, రెండు చేతులూ తొడల మీద ఆనించుకుని గాలికోసం తంటాలు పడుతున్నాడు. ఒళ్ళో రెండు వందల గ్రాముల రాయి ఉంది.

"ఆసుపత్రి బండిని పిలుస్తానంటే వినడం లేదు," అంది అక్క. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"సైరనేసుకుని... ఊరేగనా? మా తక్కెడ... బండుంది." బావ చెయ్యి చాపాడు. "ముందు నా బిళ్ళ... ఇటియ్యి."

ఇచ్చాడు. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ తక్కెడ అరచేతిలోనే పెట్టాడు. "క్లియర్. పెట్టుకో." రాయిని మాత్రం ఇవ్వలేదు, గుప్పిట్లో బిగించాడు. "ఇది నా దగ్గర... తాకట్టు."

తక్కెడ బిళ్ళ జేబులో వేసుకుని, వైరు కిటికీలోంచి లోపలికిచ్చి స్విచ్చి వేశాడు. బరువు తగ్గితే కారు నాలుగడుగులు ఎక్కువ పోతుందని ఇనుప రాళ్ళను ఒక్కొక్కటే దించాడు. ఎనిమిదీ అరుగు మీద వరసగా పెట్టేసరికి నడుము విరిగినంత పనైంది. వచ్చి కిటికీ బయట నిలబడ్డాడు. అక్కణ్ణించి అటు బావా కనబడతాడు, ఇటు తెరా కనబడుతుంది.

"పద్దెనిమిది, బావా."

బావ తలూపాడు.

అక్క ఉతికిన చొక్కా తెచ్చి ఆయనకు బొత్తాలు పెట్టింది. ఇస్త్రీ లేదు. పెట్టెకు లైన్లో జాగా లేదు. చేత్తోనే ముడతలు సాపు చేసింది.

"ఇరవై, బావా... ఇరవై ఒకటి."

నలభై ఏళ్ళ మాట గొంతులోకి వచ్చింది. కిటికీ ఊచ పట్టుకున్నాడు. "బావా, మీరు లేకపోతే నేను ఎందుకూ కొరగాకుండా పోయేవాణ్ణి."

బావ నెమ్మదిగా తల తిప్పి చూశాడు. నవ్వినట్టే ఉంది. "ఎంత... అయింది?"

"ఇరవై రెండు."

"సరిగా... చూసి చెప్పు."

తక్కెడ కారు దగ్గరకు వెళ్ళి, తెర మీద నీడ పడకుండా చెయ్యి అడ్డం పెట్టి చూశాడు. చూస్తుండగానే అంకె మారింది. "ఇరవై మూడు, బావా! ఇంకో పావుగంటకు బయల్దేరొచ్చు!"

జవాబు రాలేదు. మిషను మాత్రం గురగురమంటోంది. కిటికీ దగ్గరకు వచ్చేసరికి అక్క చివరి బొత్తాం మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడి ఉంది.

ఇద్దరూ కలిసి ఆయన్ని మంచం మీదికి చేర్చారు. మనిషి తేలిగ్గా ఉన్నాడు. బరువులు తెలిసిన చేతులకు ఆ తేలిక తట్టుకోవడం కష్టమైంది. తక్కెడ చిన్నపిల్లాడిలా బావ పాదాల దగ్గర మొహం పెట్టుకుని ఏడ్చాడు. వెనక్కి వెళ్ళడంలో పోయిన ఆ పన్నెండు శాతం గుండెల మీద ఎక్కి కూచుంది. వెనక్కి పొమ్మన్నది ఆయనే అని తెలుసు. తెలిసినంత మాత్రాన బరువు తగ్గలేదు.

కాసేపటికి అక్క మిషను ఆపింది. పదహారు నెలలుగా ఆ శబ్దం లేకుండా ఆ ఇల్లు లేదు. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని గూటి ముందు నిలబడింది. వేడినీళ్ళు పట్టి ఆయన ఒళ్ళు తుడవాలి. మిషను ఆగింది గనక ఇప్పుడు కారుతో పాటు గీజరు కూడా నడుస్తుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"లైన్ క్లియరా, తమ్ముడూ?" అని అడిగింది.

తక్కెడ బయటికి వెళ్ళాడు. స్విచ్చి కట్టేసి, వైరు చుట్టి లోపలికొచ్చాడు. జేబులోంచి బిళ్ళ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"క్లియర్, అక్కా."

ఆవిడ బిళ్ళను గుప్పిట్లో పట్టుకుని గీజరు వైపు నడిచింది. ఖాళీ కుర్చీలో, దిండు మీద పడిన గుంటలో రెండు వందల గ్రాముల రాయి ఉంది, బావ అరచేతి చెమట దాని మీద ఇంకా ఆరలేదు.