మేక ఇచ్చిన సర్టిఫికెట్

ఇకమీదట మునిసిపాలిటీ పర్యావరణానికి మేలు చేసే సరుకే కొనాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. గదికి మూడేసి కాపీల చొప్పున, ఒక్కో కాపీకి ఒక్కో ప్లాస్టిక్ కవరు తొడుక్కుని మరీ వచ్చింది.

మొదటి దెబ్బ చీపుళ్ల పెద్దమ్మకు తగిలింది. ఇరవై ఏళ్లుగా ఊరి వీధులను ఊడుస్తున్నవి ఆవిడా, తోడికోడళ్లూ కట్టే గడ్డి చీపుళ్లే. ఇప్పుడవి మట్టిలో కలిసిపోతాయని కాగితం కావాలట. పోటీకొచ్చిన ప్లాస్టిక్ చీపుళ్ల కంపెనీకి బంగారు అంచు సర్టిఫికెట్ ఉంది.

"గడ్డి మట్టిలో కలవక మీ కమిషనరు గారి కాఫీలో కలుస్తుందటే అమ్మాయ్?" అంది పెద్దమ్మ, స్టోరు గుమాస్తమ్మతో.

"నాకు తెలుసు పెద్దమ్మా. ఫైలుకి తెలీదుగా! నాలుగింటికి మీటింగు. కాగితం లేకపోతే నీ పేరు కొట్టేస్తారు."

"అయితే మా నాలుగిళ్ల పొయ్యిలూ ఆరినట్టే."

గుమాస్తమ్మ మీటింగుకి శాంపిళ్లు సిద్ధం చేసింది. రెండు రకాల చీపుళ్లకూ చీటీలు కట్టి, వెనక వరండాలో గోడకు ఆనించి భోజనానికి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి వాచ్‌మన్ మేక తీరిగ్గా నెమరేస్తోంది. గడ్డి చీపురు లేదు. తాడూ చీటీ కూడా లేవు. ప్లాస్టిక్ చీపురు మాత్రం పెళ్లికొడుకులా నిలబడి ఉంది. మేక దాన్ని ఒకసారి వాసన చూసి తుమ్మిందని వాచ్‌మన్ సాక్ష్యం.

"ఉన్న ఒక్క శాంపిలూ పోయిందే తల్లీ!" అని నెత్తి బాదుకుంది పెద్దమ్మ.

గుమాస్తమ్మ మేకను చూసింది. గబగబా ఉత్తర్వు తిరగేసింది. ఎనిమిదో పేజీ అడుగున చీమల బారులాంటి అక్షరాల్లో ఉంది: ల్యాబు సర్టిఫికెట్, లేదా స్థానిక పరీక్ష నివేదిక. వెంటనే పెన్ను తీసింది.

మీటింగులో కమిషనరు కళ్లజోడు సవరించుకుని చదివాడు. "గడ్డి చీపురు నలభై నిమిషాల్లో శేషం లేకుండా ప్రకృతిలో కలిసిపోయినది. ప్లాస్టిక్ చీపురులో ఏ మార్పూ లేదు... భేష్! ఎవరమ్మా పరీక్ష చేసింది?"

"బయటే ఉందండీ. పిలవమంటారా?"

కమిషనరు కిటికీలోంచి చూశాడు. మేక నోటీసు బోర్డు మీది ఉత్తర్వును కవర్లోంచి లాగి, మొదటి పేజీ ముగించి రెండో పేజీలో ఉంది.

మూడో పేజీ మొదలయ్యేలోగా ఆయన పెద్దమ్మ ఫైలు మీద సంతకం పెట్టేశాడు.

మేక ఉత్తర్వంతా తిన్నది. ప్లాస్టిక్ కవరు మాత్రం ముట్టలేదు.