సున్నా లేని ఇరవై

నేను ఒక పాచికను. పాచిక అనగానే చతురస్రంగా, ఆరు ముఖాలతో ఉండే బుల్లి ముక్కను ఊహించుకోకండి. నాకు ఇరవై ముఖాలు. ఒక్క ముఖంతో పుట్టిన మనుషులే మనిషిని బట్టి ముఖం మారుస్తుంటారు గానీ, నేను మాత్రం ఏది పడితే అదే చూపిస్తాను.

నన్ను చేసినది ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసుకునే సింహాచలం. అంకుడు కర్రను గుండ్రంగా తిప్పి, ఆకురాయితో ఇరవై పలకలుగా అరగదీసి, పసుపురంగు లక్క అద్దాడు. మేనకోడలు నూకరత్నం కాగితం మీద గీసి ఇచ్చిన బొమ్మ చూస్తూ ఒక్కో అంకే చెక్కాడు. చివరి ముఖం మీద రెండు చెక్కి, పక్కన సున్నా చుట్టేలోగా లోపలినుంచి అన్నానికి పిలిచారు. వెళ్ళాడు, తిన్నాడు, ఓ కునుకు తీశాడు. లేచాక నన్ను కాగితంలో చుట్టి మేనకోడలి చేతిలో పెట్టేశాడు. అలా నా ఒంటిమీద రెండు రెళ్ళు మిగిలాయి. ఇరవై లేకుండా పోయింది.

నూకరత్నం నన్ను విశాఖపట్నంలో తాను ఉండే ఉద్యోగినుల హాస్టలుకు తీసుకెళ్ళింది. ఆ గదిలో ముగ్గురు. ఆదివారం భోజనాలయ్యాక చాప పరుచుకుని వాళ్ళు ఆడే ఆటను వార్డెను జూదమనుకునేది. అది కథ చెప్పుకునే ఆట. రజియా కథ నడుపుతుంది. మిగతా ఇద్దరూ ఆ కథలో మనుషులు. "ఇప్పుడేం చేస్తావ్?" అని రజియా అడిగితే వాళ్ళు చెప్పేవారు. ఆ పని అయిందో లేదో తేల్చేది నేను. పెద్ద అంకె పడితే పని అవుతుంది, చిన్నది పడితే చెడుతుంది. ఇరవై పడిందా, ఇక తిరుగులేదు.

మూడో ఆమె మేరీ సుగుణ. బస్సులో కండక్టరును మిగతా చిల్లర అడగడానికి కూడా నోరు రాని మనిషి. కథలో మాత్రం ఆమె గంగ. కోటగోడలు దూకే గజదొంగ. నూకరత్నం ఆ గంగను వెనకనుంచి కాసే సిపాయి.

సున్నా లేని ఇరవైకి ఉపాయం నూకరత్నమే చూసింది. సుగుణ బొట్టు పెట్టుకోదు, రజియా పెట్టుకోదు. నూకరత్నం తన నుదుటి మీది బొట్టుబిళ్ళ తీసి రెండు పక్కన అతికించి, "ఇదిగో, సున్నా వచ్చీసింది" అంది. ముగ్గురూ పడీపడీ నవ్వారు. నా బతుకులో నేను అంత అందంగా మరెప్పుడూ లేను.

అంటించిన బొట్టు ఎన్నాళ్ళుంటుంది? సముద్రపు ఉక్కపోతకు అది ఎప్పుడు ఊడిపోయిందో ఎవరూ చూడలేదు. ఒక ఆదివారం గంగ వెనకాల భటులు పడ్డారు. కోటగోడ మీదనుంచి అవతలి గోడకు దూకానంది సుగుణ. నన్ను విసిరింది. రెండు పడింది.

"ఇరవై! బొట్టు ఊడిపోయిందంతే" అని అరిచింది సుగుణ.

"ఇరవయ్యేటే? ఇది ఒట్టి రెండే" అంది నూకరత్నం.

నన్ను ఎత్తి అడుగున చూస్తే తేలిపోయేది. ఇరవైకి అడుగున ఒకటి ఉంటుంది, రెండుకు అడుగున పంతొమ్మిది. ఉద్యోగాలు చేసే ముగ్గురు ఆడవాళ్ళకూ ఆ సంగతి తట్టలేదు. ఎక్కాల పుస్తకంలో రెండు రెళ్ళు నాలుగు. నా మీది రెండు రెళ్ళు మాత్రం పెద్ద తగాదా. మాటా మాటా పెరిగింది. నోరులేని సుగుణకు ఆ పూటే నోరు వచ్చింది.

"మీ మావయ్యకి సున్నా చుట్టడం కూడా చేతకాకపోతే నాదా తప్పు?"

నూకరత్నం లేచి వెళ్ళిపోయింది. తర్వాత వేరే గదికే మారిపోయింది. కొన్నాళ్ళకు రజియాకు కర్నూలులో టీచరు ఉద్యోగం వచ్చింది. గంగ మాత్రం రెండు గోడల మధ్య, గాల్లోనే ఉండిపోయింది.

చాపమీదే మిగిలిపోయిన నేను సుగుణ గుండీల డబ్బాలో చేరాను. ఏళ్ళు గడిచాయి. గుండీలకు చొక్కాల మీద ధ్యాస తప్ప మరో మాట ఉండదు. సుగుణది కూడా దాదాపు అదే బతుకు. కొత్తగూడెంలో ఒక ల్యాబులో రక్తం తీసే పని. "చెయ్యి చాపండి. పిడికిలి బిగించండి. అయిపోయింది." పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆమె మనుషులతో మాట్లాడేది అంతే. ఇంటికి వస్తే ఎదురుచూసేవాళ్ళు లేరు. వంట చేస్తూ టీవీ పెట్టేది. చూడడానికి కాదు, ఇంట్లో ఒక గొంతు ఉండాలని.

అలాంటి ఇంట్లో ఒక ఆదివారం ఫోనులో రజియా గొంతు వినిపించింది. ఎలా వెతికి పట్టుకుందో గానీ, "ఇప్పుడంతా ఆన్‌లైనే, ఎక్కడివాళ్ళం అక్కడే కూర్చుని ఆడుకోవచ్చు" అంది. సుగుణ ల్యాప్‌టాప్ కొంది. నా గుండె ఎగిరి గంతేసింది. తీరా చూస్తే పాచికలు కూడా తెరమీదే దొర్లుతున్నాయి. మీట నొక్కితే చాలు. వాటికి బరువు లేదు, చప్పుడు మాత్రం అరువు తెచ్చుకున్నది. నేను డబ్బాలోనే ఉన్నాను.

తెరమీద మూడు గళ్ళు. ఒకదాంట్లో రజియా, ఒకదాంట్లో సుగుణ. మూడోది నల్లగా ఉండేది. దాని మీద నూకరత్నం అని పేరు. రజియా బతిమాలి తెచ్చింది. వచ్చేది, మీట నొక్కేది, మాట్లాడేది కాదు, ముఖం చూపించేది కాదు. సుగుణ కూడా ఆమెను పలకరించేది కాదు. పలకరిస్తే ఆ నల్లగడి కూడా మాయమైపోతుందేమోనని భయం. ఆట అయ్యాక తెర ఆపేసి, అలాగే కూర్చునేది. ఒక్కతే ఉన్నప్పటికంటే అప్పుడే ఆమె మరీ ఒంటరిగా కనిపించేది.

ఒక ఆదివారం తెరమీది పాచిక తిరుగుతూనే ఉంది, ఆగలేదు. "నెట్ స్లోగా ఉందే, కాస్త ఆగు" అంది రజియా. జాకెట్టుకు హుక్కు కుట్టుకుందామని తీసిన గుండీల డబ్బా సుగుణ పక్కనే ఉంది. ఆమె విసుగ్గా డబ్బాలో చెయ్యి పెట్టి, నన్ను తీసి బల్లమీద వేసింది. కర్రమీద కర్ర దొర్లింది.

"ఆ సప్పుడేటే?"

నల్లగడి మాట్లాడింది. సుగుణ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"మావయ్య సేసినదేనేటి? ఇంకా ఉంచినావా?"

"ఉంచానే. పారెయ్యలేకపోయాను."

గడిలో వెలుగు వచ్చింది. చెవుల పక్క జుట్టు నెరిసింది. నుదుటన మాత్రం అదే ఎర్రని బొట్టుబిళ్ళ.

"మావయ్య పోయినాడే. బతికినన్నాళ్ళూ బొమ్మలే సేసినాడు. అన్నీ అమ్మీసినాడు. ఆయన సేతిది ఇంట్లో ఒక్కటీ లేదు."

సుగుణ ఏడ్చేసింది. "ఆయన్ని నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది."

నూకరత్నం తెరలోంచి నావైపు వంగి చూసింది. "గంగ ఎక్కడుందిప్పుడు?"

"గాల్లోనే" అంది రజియా.

"ఆ రెండు సూపించు."

సుగుణ నన్ను తిప్పి, రెండు ఉన్న ముఖాన్ని కెమెరాకు దగ్గరగా పెట్టింది. నూకరత్నం నుదుటి మీది బొట్టు తీసింది.

"అయ్యో, బొట్టు తీసేశావేంటే!" అంది సుగుణ.

"పేకెట్టు ఉందిలే." ఆమె వేలు గడి నిండా పెద్దదై, మళ్ళీ వెనక్కి తగ్గింది. "నా ఫోను అద్దం మీద, నీ రెండు పక్కన అతికించీసాను. ఇరవై. దూకీమను."

"గంగ అవతలి గోడ మీద కాళ్ళు ఊనింది" అంది రజియా.

ఆ క్షణంలో సుగుణ బొటనవేలు నా అడుగున పంతొమ్మిది మీద ఉంది. ఆనాడు పడినదీ ఇదే, ఒట్టి రెండే. నూకరత్నానిదే న్యాయం. అయినా ఇరవై ఆమె ఇచ్చింది కాబట్టి ఇరవయ్యే.

ఆట అయ్యాక తెర నల్లబడింది. బొట్టు అక్కడ, నూకరత్నం ఉండే అనకాపల్లిలో, ఒక ఫోను అద్దం మీద ఉండిపోయింది. నా రెండు అంకె పక్కన ఇప్పటికీ ఖాళీయే. వచ్చేవారం మళ్ళీ పాచికలు తెరమీదే దొర్లుతాయి. నాకు పని ఉండదు.

సోమవారం పొద్దున సుగుణ చెప్పులు వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చింది. నన్ను తీసి బల్లమీద ఒకసారి దొర్లించి, ఆ చప్పుడు ఆగేదాకా నిలబడింది. ఏ అంకె పడిందో చూడకుండానే తాళం వేసుకుని వెళ్ళిపోయింది.