లెక్కకు రాని ఇరవై ఓట్లు

పులివంక బడిలో పోలింగు మొదలై గంట కూడా కాలేదు. సారమ్మ వంతు వచ్చింది. చీటీ ఇచ్చి వేలు చాపింది. సిరా బుడ్డి ముందు కూర్చున్న గుమాస్తా ఆమె వేలు చూడలేదు. జాబితాలో ఆమె పేరు మీది గీత చూశాడు.

"నీ ఓటు పడిపోయిందమ్మా."

"యాడ పడింది? నేనిప్పుడే గదా వస్తాండేది."

"పడిపోయింది. ఇంగ పో."

ఆమె వెనక ముసలి రాములమ్మ. ఆమెదీ పడిపోయింది. ఆ వెనక సుంకమ్మదీ అంతే. కలుపు పని మానుకుని, ఉతికిన చీరలు కట్టుకుని ఊరవతలి పాలెం నుంచి వచ్చిన అరవై ముగ్గురి ఓట్లూ వాళ్లు రాకముందే పడిపోయాయి. గది మూల బెంచీ మీద పెద్దరెడ్డి మనుషులు ఐదుగురు బీడీలు కాల్చుకుంటున్నారు. వాకిట్లో ఇద్దరు పోలీసులు గోడకు ఆనుకుని నిలబడ్డారు. దొంగయితే చీకట్లో వస్తాడు, అలికిడైతే ఉలిక్కిపడతాడు. ఇక్కడ ఎవరికీ ఆ అవసరం లేదు.

అన్నలారా, చదువుకునే తమ్ముళ్లారా, ఇది ఎనభై ఒకటి నాటి మాట. ఊరు ఆళ్లగడ్డకూ దొర్నిపాడుకూ నడుమ ఉంది. ఓటు హక్కు వచ్చి ముప్పై ఏళ్లు దాటినా పాలెం వాళ్లలో ఒక్కరూ బడి గడప ఎక్కి ఓటు వేసింది లేదు. పెద్ద ఎన్నికల్లో వాళ్ల ఓట్లు రెడ్డి మనుషులే వేసిపెట్టేవాళ్లు. ఇక సర్పంచి ఎప్పుడూ ఏకగ్రీవంగా పెద్దరెడ్డే.

ఈసారి మాత్రం రెడ్డి మీద పరుపులు కుట్టే మాబాషా నిలబడ్డాడు. దానికి కారణం కొళాయి. పంచాయతీ గొట్టం పైవీధి దాకా వచ్చి ఆగిపోయింది. పాలెం వాళ్లకు కాలువ నీళ్లే గతి. ముందటి ఎండాకాలం వాంతులూ భేదులూ వచ్చి పాలెంలో నలుగురు పోయారు. అందులో ఒకతె సారమ్మ కూతురు. తొమ్మిదేళ్ల పిల్ల. మట్టిచేసి వచ్చిన రోజు మాబాషా పాలెంకు వచ్చి, "అక్కా, నేను నిలబడతా. గెలిస్తే ముందు గొట్టం ఈడికి తెస్తా" అన్నాడు. సారమ్మ మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగింది.

ఇప్పుడు ఆమె బయటికి పోలేదు. నేరుగా ఎలక్షన్ సారు బల్ల ముందుకు పోయి నిలబడింది. ఆయన పేరు లక్ష్మీనరసింహం. వేరే ఊరి బడిలో అయ్యవారు.

"సార్, నాకు టెండరు ఓటు ఇయ్యి."

ఆయన చేతిలో కలం ఆగింది. "ఆ మాట నీకెవరు చెప్పారు?"

"నంద్యాల వకీలు రంగనాథం సారు మా చర్చికాడికొచ్చి చెప్పినాడు. మా ఓటు ఇంగొకరు ఏసిపోతే, మాకు యేరే కాగితం ఇయ్యాలంట. చట్టంలో ఉందంట గదా."

ఆయన బెంచీ వైపు చూశాడు. గొంతు తగ్గించి, "ఉందమ్మా. అయితే ఇరవై కాగితాలే ఇచ్చినారు నాకు" అన్నాడు.

బడి గోడ పక్కన అరవై ముగ్గురూ గుంపు కట్టారు. రెడ్డి దగ్గర జీతం ఉన్న ఓబులేసు ముందుగా నోరు విప్పాడు. సుంకమ్మ మొగుడు అతను.

"ఇరవై కాగితాల కోసరం అందరం తన్నులు తినల్లనా? ఇంటికి పోదాం పాండి."

"ఇరవై గూడ ఇడ్చిపెడితే ఏముంటాది మనకి?" అంది సారమ్మ.

"అయితే ఆ ఇరవై ఎవురెయ్యాల? మాది ఓటు గాదా?" అని వెనకనించి ఎవరో.

"మొగోళ్లు తెల్లారితే రెడ్డి దొడ్లోకి పోవాల. మీ జీతాలు పోతాయి. నీళ్లు మోసేది మేము, పిల్లోళ్లను మట్టిచేసి ఏడ్చేదీ మేమే. ఆడోళ్లం ఏస్తాం" అంది సారమ్మ.

ముసలి రాములమ్మ కొంగు బిగించి నడిచింది. ఆమె వెనక ఒక్కొక్కరే కదిలారు. ఇరవై మంది ఆడవాళ్లు కాగితం తీసుకుని, అడ్డుతెర వెనక ముద్ర గుద్ది, మడిచి అయ్యవారి చేతికిచ్చారు. ఆయన అవన్నీ ఒక కవరులో పెట్టి లక్కముద్ర వేశాడు.

బెంచీ మీది వాళ్లలో ఒకడు నవ్వాడు. "ఏసుకోనీరా. ఆ కవరు ఎవురు ఇప్పబోతారు?"

చట్టం వాళ్లకే బాగా తెలుసు.

సాయంత్రం లెక్కపెట్టారు. మాబాషా పదమూడు ఓట్లతో ఓడిపోయాడు. కవరు పక్కన పెట్టారు. టెండరు ఓట్లు కోర్టు చెబితే తప్ప లెక్కలోకి రావట.

రంగనాథం వకీలు అహోబిలం అర్చకుల ఇంటి బిడ్డ. చట్టాన్ని మంత్రంలాగా నమ్మినవాడు. "ఆ ఇరవై దొంగ ఓట్లు తీసేసి ఈ ఇరవై కలిపితే మాబాషాదే గెలుపు. కోర్టు కవరు విప్పక తప్పదు" అన్నాడు. కేసు వేశాడు.

సారమ్మకు అప్పుడే 'వాయిదా' అనే మాట తెలిసింది. కోర్టు ఉండేది నంద్యాలలో. ఆళ్లగడ్డకు నడిచి, బస్సెక్కి పోయేవాళ్లు. పొద్దుగూకేదాకా కోర్టు అరుగు మీద కూర్చునేవాళ్లు. ఒకసారి జడ్జి సెలవు, ఇంకోసారి అవతలి వకీలుకు జ్వరం. జడ్జీలు ముగ్గురు మారారు. కొత్తాయన వచ్చినప్పుడల్లా కేసు మొదటికొచ్చేది.

ఊళ్లో మాత్రం తీర్పు ఎప్పుడో అయిపోయింది. పాలెం ఆడవాళ్లను కలుపుకు పిలిచేవాళ్లు లేరు. మహానంది దిక్కు అరటితోటలకు పోయి, వారాల తరబడి అక్కడే ఉండి కూలి చేసుకొచ్చేవాళ్లు. దొర్నిపాడు సంతలో పట్టపగలు మాబాషా చెయ్యి విరగ్గొట్టారు. కింద పడ్డాడని రాసుకున్నారు పోలీసులు. ఆ చేత్తో మళ్లీ దూది ఏకలేక అతను ఊరిడిచి నంద్యాల చేరాడు. తీర్పు చూడకుండానే ముసలి రాములమ్మ రెండు వాయిదాల నడుమ నిద్రలోనే పోయింది.

అయ్యవారు లక్ష్మీనరసింహం బోనెక్కి "గుర్తు లేదండీ" అన్నాడు. ఎవరెవరికి కాగితాలిచ్చారంటే గుర్తు లేదు, ఎందుకిచ్చారంటే గుర్తు లేదు. ఆయన మెడ మీద చెమట కారడం చూసి సారమ్మకు కోపం రాలేదు. భయం ఎట్లుంటుందో ఆమెకు తెలుసు.

ఎనభై ఆరులో తీర్పు వచ్చింది. ఆ రోజు పాలెం అంతా నంద్యాలకు కదిలింది. లోపల పట్టినంత మంది లోపల, తక్కినవాళ్లు వాకిట్లో. మాబాషా వంకర చెయ్యి పొట్టకు ఆనించుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు.

జడ్జి చదివింది ఇంగ్లీషులో. రంగనాథం ముఖం పాలిపోయింది.

"ఏందంట సార్?" అంది సారమ్మ.

"పంచాయతీ గడువు ఐదేళ్లూ తీరిపోయిందమ్మా. ఇప్పుడు ఎవరు గెలిచినట్టు చెప్పినా ఏం లాభం లేదు కాబట్టి కేసు కొట్టేశారు."

"మరి కవరు?"

ఆయన కాగితాలు సర్దుకోసాగాడు. సారమ్మ జడ్జి వైపు తిరిగింది. "అయ్యా, కవరు ఏం జేస్తారు?"

జడ్జి కసురుకోలేదు. మెత్తగానే చెప్పాడు. "నిబంధన ప్రకారం తగలబెడతారమ్మా."

"లోపల ఏముందో చూడకనే?"

"ఓటు రహస్యం. చట్టం ఒప్పుకోదు."

ఐదేళ్లు ఎక్కిన బస్సులూ, కూర్చున్న అరుగూ, పస్తులూ ఒక్క మాటలో ముగిసిపోయాయి. ఎవరిని పట్టుకుని అడగాలో సారమ్మకు తెలియలేదు. అందరూ చట్టప్రకారమే చేశారు. తిట్టడానికి కూడా ఒక మనిషి దొరకలేదు.

బిళ్ల బంట్రోతు తర్వాతి కేసు పిలవబోయాడు. సారమ్మ నోటి నుంచి మాట దానంతటదే వచ్చింది.

"నేను సారమ్మను. పులివంక పాలెం. నేను మాబాషా లాంతరు గుర్తుకు ఏసినా."

ఆమె పక్కనున్న, ఆనాటి ఇరవై మందిలో ఒకరైన మస్తాన్‌బీ లేచింది. "నేను మస్తాన్‌బీని. లాంతరు గుర్తుకు ఏసినా." ఇంకొకామె లేచింది. జడ్జి బల్ల మీద కొట్టాడు. వాళ్లు ఆగలేదు. రాములమ్మ కూతురు లేచి, "మాయమ్మ ఎవురికేసిందో నాకు చెప్పలేదు. ఏసింది మాత్రం మాయమ్మే" అని కూర్చుంది.

తర్వాత సుంకమ్మ తల వంచుకునే లేచింది.

"నేను రెడ్డి గుర్తుకే ఏసినా. మా ఆయప్పకు ఆడ జీతం. బయపడి ఆడనే గుద్దినా. ఐదేళ్లాయె, మీ మొగాలు చూడలేక సస్తాండా."

కిటికీ దగ్గర మాబాషా కళ్లు మూసుకున్నాడు. ఎవరో ఛీ అన్నారు. సారమ్మ గుండె ఒక్క క్షణం రాయైంది. తర్వాత సుంకమ్మ చెయ్యి పట్టుకుంది.

"అది గూడ నీ ఓటే. ఇంగొకరు ఎయ్యకుండా నువ్వేసినావు. కూచో."

పోలీసులు వచ్చారు. కోర్టులో అల్లరి చేశారని లోపలి ఆడవాళ్లందరినీ బయటికి లాగి వ్యాను ఎక్కించారు. రంగనాథం నల్లకోటు విప్పి చంకన పెట్టుకుని వ్యాను వెనక నడిచాడు. ఏం చెయ్యాలో ఆయనకూ తెలియదు. మళ్లీ పంచాయతీ ఎన్నికలు ఎప్పుడో ఎవరికీ తెలియదు. గొట్టం ఇంకా పైవీధిలోనే ఉంది.

స్టేషనులో రైటరు కాగితం ముందేసుకున్నాడు. "పేరు?"

"సారమ్మ. బాగా చూసి రాసుకో సార్. సర్కారు కాగితంలో నా పేరు కాడ నేనే నిలబడింది ఇదే మొదులు."

అప్పటికి వాకిట్లో గోల మొదలైంది. లోపల చోటు దొరకక బయటే ఉండిపోయినవాళ్లు, ఆనాడు కాగితం కూడా అందనివాళ్లు, స్టేషను దాకా నడిచి వచ్చారు. మీరేం చేశార్రా, పొండి అని జవాను అడ్డం నిలబడ్డాడు.

అందరికన్నా ముందు ఓబులేసు ఉన్నాడు.

"నేను ఓబులేసును. పులివంక పాలెం" అన్నాడు. "నాకూ ఓటుండె సార్."